వడ్డించేవాడు మనవాడైతే

2020 మార్చి 16న ఫ్రాన్స్‌లోని మార్సే నుంచి ఒక పరిశోధన పేపర్ 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ యాంటీమైక్రోబియల్ ఏజెంట్స్' అనే జర్నల్‌కు చేరింది. 17న ఆమోదం దొరికింది. 20న ఆన్‌లైన్‌లోకి వచ్చేసింది. 21న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ జర్నల్ పేరుతో సహా ట్వీట్ చేశారు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు అజిత్రోమైసిన్ కలిపి వాడితే కరోనా వైరస్ త్వరగా తగ్గిపోతుందన్నది ఆ పేపర్ సారాంశం. ప్రపంచమంతా ఆ మాత్ర వెంట పడింది. మార్చి 25న భారత ప్రభుత్వం దాని ఎగుమతిని నిషేధించింది.

ఇంత కలకలం రేపిన పరిశోధనలో చివరికి లెక్కలోకి వచ్చిన రోగులు 36 మందే. అందులో మందు తీసుకున్నవాళ్లు 20 మంది. నిజానికి మందు మొదలుపెట్టింది 26 మందికి. మిగతా ఆరుగురిని లెక్కలోంచి తీసేశారు. ఆ ఆరుగురిలో ముగ్గురిని ఐసీయూకి మార్చారు, ఒకరు చనిపోయారు. లెక్కలోంచి జారిపోయినవాళ్లలో ఎక్కువమంది మందు వేసుకున్నాక పరిస్థితి విషమించినవాళ్లేనన్నమాట. ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవాలో కూర్చున్న ఎగ్జామినర్ కూడా అడిగే మొదటి ప్రశ్న ఇది. అచ్చుకు ముందు ఇతర నిపుణులు పేపర్‌ను పరిశీలించే ఆ ఒక్కరోజు రివ్యూలో ఎవరైనా అడిగినా, పేపర్ మాత్రం ఆగలేదు.

ఆ పేపర్ రచయితల్లో జ్యా-మార్క్ రోలాన్ ఒకరు. ఆ జర్నల్ ప్రధాన సంపాదకుడు కూడా ఆయనే. రివ్యూలో ఆయన పాత్ర లేదని, ఆ బాధ్యతను మరో ఎడిటర్‌కు అప్పగించామని జర్నల్‌ను నడిపే సొసైటీ తర్వాత వివరణ ఇచ్చింది. అది నిజమే కావచ్చు. కానీ ఆ 'మరో ఎడిటర్' రేపు పొద్దున మళ్లీ ఇదే ప్రధాన సంపాదకుడితో కలిసి పనిచేయాల్సిన మనిషి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన పెద్దలు ఊరికే అనలేదు. వడ్డించేవాడు ఆ పూటకు గరిటె పక్కవాడి చేతికిచ్చి తనే వచ్చి బంతిలో కూర్చుంటే, ఆ పక్కవాడు ఏ విస్తరిలో ఎంత వేస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఇంగ్లిష్‌లో కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అనే ఈ వ్యవహారాన్ని తెలుగు పాఠకులు ఎక్కువగా చదివింది క్రీడా పేజీల్లో, 'పరస్పర విరుద్ధ ప్రయోజనాలు' అన్న పేరుతో. క్రికెట్ బోర్డు అధ్యక్షుడి కంపెనీకే ఐపీఎల్ జట్టు ఉండటం ఏమిటని 2015 జనవరిలో సుప్రీంకోర్టు నిలదీసింది. అందుకు దారిచ్చిన బోర్డు నిబంధన సవరణను కొట్టేసింది. అక్కడ కోర్టు చూసింది ఫలానా మ్యాచ్‌లో మోసం జరిగిందా అని మాత్రమే కాదు. ఒకే మనిషి రెండు కుర్చీల్లో ఉండవచ్చా అని. పరిశోధన పత్రికల విషయంలో తరచూ మరిచిపోయేది ఈ తేడానే. ప్రయోజన వైరుధ్యం ఉందనడం నిందారోపణ కాదు. అది ఒక పరిస్థితి. నిజాయతీపరుడికీ ఉంటుంది. మందుల కంపెనీ గ్రాంటుతో ల్యాబ్ నడుపుతున్న ప్రొఫెసర్ అబద్ధం రాస్తాడని కాదు, ఆయన రాసింది తూచేటప్పుడు తక్కెడ ఎవరి చేతిలో ఉందో చూడాలని. దీన్ని అవమానంగా తీసుకోవడం వల్లే చాలామంది జర్నల్ ఇచ్చే ఫారంలో 'ఏమీ లేదు' అని టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతారు.

అసలు ఈ ఫారాలు పుట్టి ఎంతో కాలం కాలేదు. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో హార్వర్డ్ శాస్త్రవేత్తల సమీక్షా వ్యాసం ఒకటి వచ్చింది. గుండె జబ్బుల్లో చక్కెర పాత్రను తేలిక చేసి, కొవ్వుల వైపు వేలు చూపించిన వ్యాసం అది. దాని వెనక చక్కెర పరిశ్రమ సంస్థ ఇచ్చిన 6,500 డాలర్లు ఉన్నాయని పాత ఉత్తరాలు తవ్వి 2016లో బయటపెట్టారు. అయితే 1967లో ఆ డబ్బు సంగతి చెప్పాలన్న నిబంధనే లేదు. ఆ జర్నల్ రచయితల నుంచి ఆర్థిక సంబంధాల వివరాలు అడగడం మొదలుపెట్టింది 1984లో, ఆర్నాల్డ్ రెల్మన్ ఎడిటర్‌గా ఉన్నప్పుడు. పెద్ద వైద్య పత్రికల్లో అదే మొదలు.

అడిగితే చెబుతారా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు 1998 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక అచ్చేసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్. పన్నెండు మంది పిల్లల కేసులు తీసుకుని, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టే అనుమానాన్ని లేవదీసిన పేపర్ అది. ఆరేళ్ల తర్వాత, 2004లో బ్రియాన్ డీర్ అనే పాత్రికేయుడు సండే టైమ్స్‌లో అసలు సంగతి రాశాడు. టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న లాయర్‌తో వేక్‌ఫీల్డ్‌కు అప్పటికే ఒప్పందం ఉంది. న్యాయ సహాయ నిధి నుంచి ఈ పరిశోధన కోసం 55,000 పౌండ్లు మంజూరయ్యాయి. పేపర్‌లోని పిల్లల్లో కొందరి తల్లిదండ్రులు ఆ లాయర్ క్లయింట్లే. వేక్‌ఫీల్డ్‌కు వ్యక్తిగతంగా ముట్టిన ఫీజులు 4,35,643 పౌండ్లని ఆ తర్వాత తేలింది. పైగా పేపర్ రావడానికి ముందే, 1997లో, విడి తట్టు టీకా మీద ఒక పేటెంట్ దరఖాస్తు కూడా ఆయన పేరుతో ఉంది.

ఇందులో ఒక్క ముక్క కూడా 1998లో లాన్సెట్ పాఠకుడికి తెలియదు. సంగతి బయటపడగానే పది మంది సహ రచయితలు పేపర్‌లోని ఆ టీకా-ఆటిజం వ్యాఖ్యానంతో తమకు సంబంధం లేదన్నారు. పేపర్‌ను పూర్తిగా ఉపసంహరించడానికి మాత్రం 2010 ఫిబ్రవరి దాకా పట్టింది. ఈ పన్నెండేళ్లలో బ్రిటన్‌లో టీకా వేయించే తల్లిదండ్రులు తగ్గారు, తట్టు మళ్లీ తలెత్తింది. జర్నల్ ఎడిటర్ రిచర్డ్ హోర్టన్ దృష్టిలో పొరపాటు ప్రధానంగా రచయితది. అందులో న్యాయముంది. కానీ విచిత్రం ఏమిటంటే, ఇంత పెద్ద వ్యవహారాన్ని పట్టుకుంది జర్నల్ కాదు, రివ్యూయర్లు కాదు, ఆస్పత్రి కాదు. ఒక విలేకరి.

ఇరవై ఏళ్ల తర్వాత కూడా పద్ధతి పెద్దగా మారలేదు. అప్పటికి వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఉమ్మడి ఫారం తెచ్చింది, గత 36 నెలల్లో ఎవరి నుంచి ఏం తీసుకున్నారో రాయమంది. అయినా 2018 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్, ప్రొపబ్లికా కలిసి రాసిన కథనంలో తేలింది ఏమిటంటే, న్యూయార్క్‌లోని ప్రఖ్యాత మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి ముఖ్య వైద్యాధికారి హోసే బాసెల్గా డజన్ల కొద్దీ పేపర్లలో తన కంపెనీ సంబంధాలు చెప్పలేదని. లెక్క లక్షల డాలర్లలో ఉంది. ఆయన రోజుల వ్యవధిలో ఆస్పత్రి పదవికి, ఆ ఏడాది చివరికి ఒక క్యాన్సర్ జర్నల్ ఎడిటర్ పదవికి రాజీనామా చేశారు. ఈసారి కూడా పట్టుకున్నది విలేకరులే. కాకపోతే వాళ్ల పని తేలికైంది. మందులు, వైద్య పరికరాల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే చెల్లింపులను పేరుపేరునా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలని అమెరికాలో 2010లో చట్టం వచ్చింది. 2014 నుంచి ఆ లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు. జర్నల్ ఆఫీసులో గుమాస్తా కూడా చూసుకోవచ్చు. చూడలేదు, అంతే.

మన దేశంలో అలాంటి బహిరంగ పట్టిక లేదు. హైదరాబాద్‌లో ఎన్ని మందుల కంపెనీలున్నాయో, ఆ కంపెనీల క్లినికల్ ట్రయల్స్‌లో ఎందరు డాక్టర్లు పాల్గొంటున్నారో తెలిసినవాళ్లకు ఈ లోటు బరువు అర్థమవుతుంది. ఇక్కడ డాక్టర్ 'ఏమీ లేదు' అని రాస్తే, సరిచూసుకోవడానికి జర్నల్‌కు ఆ డాక్టర్ మాట తప్ప ఇంకేమీ లేదు.

సరే, అందరూ నిజం రాశారనుకుందాం. అప్పుడు సమస్య తీరిపోతుందా? తీరదనడానికి ఒక చక్కని ప్రయోగం ఉంది. డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ 2005లో ప్రచురించారు. గాజు సీసాలో చిల్లర నాణేలు పోసి, దూరం నుంచి కాసేపు చూపించి, మొత్తం ఎంతో చెప్పమంటారు. సీసాను దగ్గరగా చూసిన సలహాదారు ఒకరు సాయం చేస్తారు. కొందరు సలహాదారులకు ఒక మెలిక ఉంది. అవతలివాళ్లు ఎంత ఎక్కువ చెబితే వీళ్లకు అంత ఎక్కువ డబ్బు. ఆ సంగతి దాచిపెట్టినప్పుడు సలహాదారులు కొంత పెంచి చెప్పారు. బయటపెట్టినప్పుడు ఇంకా ఎక్కువ పెంచి చెప్పారు. 'ముందే చెప్పాం కదా, ఇక వాళ్లిష్టం' అన్న ధీమా వచ్చింది. వినేవాళ్లు కొంత తగ్గించుకున్నారు గానీ, తగ్గించాల్సినంత తగ్గించుకోలేకపోయారు. చివరికి వెల్లడి వల్ల నష్టపోయింది వాళ్లే.

ఇదే లోవెన్‌స్టీన్ మరికొందరితో కలిసి 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఇంకో ఫలితం ప్రచురించారు. ఈసారి సీసాలు, నాణేలు కావు, నిజమైన జర్నల్. అత్యవసర వైద్యానికి సంబంధించిన 'ఆనల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్'కు వచ్చిన 1,480 పేపర్లను తీసుకున్నారు. కొందరు రివ్యూయర్లకు రచయితల ప్రయోజన వైరుధ్యాల ప్రకటన ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మొత్తం 3,041 రివ్యూలు వచ్చాయి. రెండు గుంపుల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పేపర్ చివర చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేరాను ఎవరూ చదవరని దీనర్థం కాదు. చదివినా దాన్ని ఏం చేసుకోవాలో తెలియదని. ఫలానా కంపెనీ నుంచి ఫీజు తీసుకున్నాను అని రచయిత రాశాక, పాఠకుడు ఆ ఫలితంలోంచి ఎంత శాతం కొట్టేసుకోవాలి? పది? నలభై? చెప్పేవాళ్లు లేరు. బాధ్యత మాత్రం జర్నల్ నెత్తి మీంచి దిగి పాఠకుడి నెత్తికెక్కింది.

అందుకని వైరుధ్యాన్ని చెప్పించడం ఒక పని, దాన్ని సర్దడం ఇంకో పని. సర్దడమంటే నిర్ణయం తీసుకునే కుర్చీలోంచి మనిషిని లేపడం. జర్నల్‌లో ఆ కుర్చీ రచయితది కాదు, ఎడిటర్‌ది. నిబంధనల పుస్తకాల్లో రచయితకు పేజీలకు పేజీలు రాసి, ఎడిటర్‌కు నాలుగు వాక్యాలతో సరిపెట్టడం ఈ రంగంలో చాలాకాలంగా నడుస్తున్న తమాషా.

2006లో 'న్యూరోసైకోఫార్మకాలజీ' జర్నల్‌లో డిప్రెషన్‌కు నరాల ఉద్దీపన పరికరాన్ని మెచ్చుకుంటూ ఒక సమీక్ష వచ్చింది. ఆ పరికరం తయారుచేసే సైబరోనిక్స్ కంపెనీకి రచయితలు సలహాదారులు, ఒకరు ఏకంగా ఉద్యోగి. సలహాదారుల సంగతి పేపర్‌లో లేదు. ప్రధాన రచయిత చార్లెస్ నెమరాఫ్. జర్నల్ ఎడిటరూ ఆయనే. గొడవయ్యాక సవరణ వేసి, ఎడిటర్ పదవి వదులుకున్నారు. ఇంకో జర్నల్ 'కేయాస్, సోలిటన్స్ అండ్ ఫ్రాక్టల్స్' సంగతి మరీ విడ్డూరం. 2008 డిసెంబర్ సంచికలో ఉన్న 36 పేపర్లలో ఐదు దాని ప్రధాన సంపాదకుడు మహమ్మద్ ఎల్ నాషీవి. ఆ ఏడాది మొత్తం మీద సుమారు 60 అని నేచర్ పత్రిక రాసింది. ఆయన నేచర్ మీద లండన్‌లో పరువు నష్టం దావా వేసి 2012లో ఓడిపోయారు.

అంతకన్నా గడుసు వ్యవహారం 'జర్నల్ ఆఫ్ థియరెటికల్ బయాలజీ' 2020లో తానే సంపాదకీయంగా బయటపెట్టింది. ఒక ఎడిటర్ తన సంస్థలోని సన్నిహితుల పేపర్లను తానే చూసుకున్నారు. మారుపేరుతో తననే రివ్యూయర్‌గా వేసుకున్నారు. ఆ రివ్యూయర్ హోదాలో తన పేపర్లను ఉటంకించాలని రచయితలను అడిగారు, కొన్నిసార్లు యాభైకి పైగా. కొన్నిచోట్ల చివరి దశలో సహ రచయితగా తన పేరే చేరింది. ఇందులో కంపెనీ లేదు, కవరు లేదు, విదేశీ టూరు లేదు. ఉన్నదల్లా సైటేషన్ల లెక్క, అంటే ఒకరి పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న అంకె. ప్రమోషన్లు, ర్యాంకులు, గ్రాంట్లు ఆ లెక్క మీద నడుస్తున్నప్పుడు అది కూడా రొక్కమే. నేచర్ జర్నళ్లు డబ్బుతో సంబంధం లేని వైరుధ్యాలను కూడా చెప్పమని 2018లో అడగడం మొదలుపెట్టింది అందుకే.

యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే చిన్న జర్నళ్ల దగ్గర ఇది ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోవచ్చు. హెచ్‌ఓడీ ప్రధాన సంపాదకుడు. బోర్డులో సీనియర్ ప్రొఫెసర్లు. స్కాలర్ పేపర్ పంపుతాడు, గైడ్ పేరు రెండో రచయితగా ఉంటుంది. గైడ్‌కూ హెచ్‌ఓడీకీ పాతికేళ్ల స్నేహమో, పాతికేళ్ల పగో. స్నేహమైతే పేపర్ వారంలో పడుతుంది, పగైతే ఏడాది నానుతుంది. స్కాలర్‌కు కారణం ఎప్పటికీ తెలియదు, 'రివ్యూలో ఉంది' అనే మెయిల్ తప్ప. ఇక్కడ ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. ఏ ఫారంలోనూ దీనికి గడి లేదు. పీహెచ్‌డీకి ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది గానీ, ఉద్యోగం, ప్రమోషన్ అనేసరికి మళ్లీ ఆ జాబితాయే అడుగుతారు.

దీనికి మందు పెద్ద ఖరీదైందేమీ కాదు. ఎడిటర్ పేరున్న పేపర్ వస్తే, దాని ఫైలే ఆయనకు కనిపించకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం వేయొచ్చు. ఇవాళ పేపర్లు స్వీకరించే వ్యవస్థలు చాలావాటిలో ఈ వీలు ఉంది. ఒకే సంస్థ, ఇటీవల కలిసి రాసిన పేపర్, గైడ్-స్కాలర్ బంధం ఉంటే ఆ ఎడిటర్ తప్పుకోవాలని ముందే రాసిపెట్టుకోవచ్చు. పేపర్ చూసిన ఎడిటర్ ఎవరో, ఎవరు తప్పుకున్నారో అచ్చులోనే ఒక వాక్యం వేయొచ్చు. ప్రధాన సంపాదకుడి పేపరైతే బోర్డు బయటి మనిషికి అప్పగించాలి. అది కుదరకపోతే వేరే జర్నల్‌కు పంపుకోవడమే మర్యాద. ఈ చివరి మాటకు చాలామంది ఎడిటర్లు ఒప్పుకోరు. 'మా ఫీల్డ్‌లో ఇంతకన్నా మంచి జర్నల్ లేదు' అంటారు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. నిబంధన మరీ బిగిస్తే ఏమవుతుందో న్యూ ఇంగ్లండ్ జర్నలే చూపించింది. మందు కంపెనీలతో ఆర్థిక సంబంధమున్న ఎవరూ ఆ మందుల మీద సమీక్షలు, సంపాదకీయాలు రాయకూడదని 1990లో గిరి గీసుకుంది. 2000లో వెనక్కి తిరిగి లెక్క చూసుకుంటే మందుల చికిత్సపై వేసిన 40 సమీక్షల్లో 19 ఆ గీత దాటినవే. జర్నల్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. 2002లో గీతనే జరిపి, ఏడాదికి 10,000 డాలర్ల లోపు అయితే ఫర్వాలేదంది. సంబంధాలు లేని నిపుణుడు దొరకడం కష్టమవుతోందని కారణం చెప్పింది. దొరకరనేది నిజమా, వెతికే ఓపిక లేదన్నది నిజమా అన్న వాదన ఇంకా తెగలేదు. రివ్యూయర్ల సంగతి చూస్తే మొదటిదే నిజమనిపిస్తుంది. లాన్సెట్, జామా, బీఎంజే, న్యూ ఇంగ్లండ్ జర్నళ్లకు రివ్యూలు చేసిన అమెరికా డాక్టర్లు 1,962 మందిని పరిశీలిస్తే, 2020-22 మధ్య 58.9 శాతం మంది పరిశ్రమ నుంచి ఏదో ఒక చెల్లింపు అందుకున్నారని 2024లో జామాలో వచ్చింది.

ఇక ఎవరూ ఫారం నింపమని అడగనివాడు ఒకడున్నాడు: ప్రచురణకర్త. మందుల కంపెనీలు తమకు అనుకూలమైన పేపర్ల రీప్రింట్లను వేల సంఖ్యలో కొని డాక్టర్లకు పంచుతాయి. 2005-06లో లాన్సెట్ ఆదాయంలో 41 శాతం రీప్రింట్ల నుంచే వచ్చిందని, బీఎంజేకి 3 శాతమేనని 2010లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. పెద్ద ట్రయల్ పేపర్ బల్ల మీదికి వచ్చినప్పుడు ఈ అంకె ఎడిటర్ మనసులో ఎంత మూల కూర్చుంటుందో కొలిచే సాధనం లేదు. పెద్ద ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ ఆస్ట్రేలియా శాఖ అయితే 2000-2005 మధ్య కంపెనీల సొమ్ముతో జర్నల్‌లా కనిపించే ఆరు ప్రచురణలు వేసింది. అందులో ఒకటి మెర్క్ కంపెనీ మందులకు భజన. ఆ సొమ్ము ఎవరిదో లోపల ఎక్కడా చెప్పలేదు. 2009లో మెర్క్ వారి వయాక్స్ అనే నొప్పి మందుపై నడిచిన కోర్టు కేసులో ఇది బయటపడింది.

చందాల నుంచి రచయిత ఫీజుల వైపు వ్యాపారం మళ్లాక లెక్క ఇంకా సూటిగా మారింది. పేపర్ ఒప్పుకుంటే డబ్బు వస్తుంది, తిరస్కరిస్తే రాదు. ఈ దారి చివర ఎక్కడికి పోతుందో హైదరాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడి నుంచి నడిచే జర్నళ్ల ప్రచురణ సంస్థ ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన పీర్ రివ్యూ లేదు, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు ఎడిటర్లుగా వేశారు, ఫీజు సంగతి పేపర్ ఆమోదించాక గానీ చెప్పలేదు అన్నవి ప్రధాన ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పునిచ్చింది. ఓమిక్స్‌ను ఒక్కదాన్నే వేలెత్తి చూపి ఊరుకుంటే మాత్రం సరిపోదు. వైలీ వంటి పాత పేరున్న సంస్థ కొనుక్కున్న హిందావి జర్నళ్ల నుంచి 2023లో 8,000కు పైగా పేపర్లను ఉపసంహరించాల్సి వచ్చింది. చాలావరకు అతిథి ఎడిటర్ల చేతుల మీదుగా నడిచిన ప్రత్యేక సంచికల్లోవే. సంచికలు పెరిగేకొద్దీ రాబడి పెరిగే చోట, అతిథికి తాళాలిచ్చి గృహస్థు నిద్రపోయాడు.

మార్సే పేపర్‌కు తిరిగొస్తే, దాన్ని 2024 డిసెంబర్‌లో ఉపసంహరించారు. ఆమోదానికి ఒక రోజు పట్టిన పేపర్ అది. రోగుల సమ్మతి, నైతిక అనుమతులకు సంబంధించిన సందేహాలు, పద్ధతిలోని లోపాలు కారణాలుగా చూపారు. ఈ విచారణను జర్నల్ ఎడిటర్ల చేతికి ఇవ్వలేదు. ప్రచురణ సంస్థా, సొసైటీ కలిసి బర్మింగ్‌హామ్‌కు చెందిన ఒక మైక్రోబయాలజిస్టును స్వతంత్ర సలహాదారుగా తెచ్చుకున్నాయి. 2020 మార్చి 16న కూడా ఆయన బర్మింగ్‌హామ్‌లో, ఒక మెయిల్ దూరంలోనే ఉన్నారు.